బిందెల వరుసలోని వార్డు రాజకీయం: బెజవాడ కుటుంబ జ్ఞాపకాలు రాయదలచిన వారికి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ తాతగారు 1960ల నుంచి 1980ల దాకా విజయవాడ వన్‌టౌన్‌లో వార్డు రాజకీయాల్లో తిరిగారు. ఆయన గురించి, ఆ కాలపు మీ ఇంటి గురించి ఒక చిన్న పుస్తకం రాయాలని మీరు అనుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే నీళ్ళ బిందెలు, ఇంటి పట్టా, కర్ఫ్యూ రోజులు, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదన్న మాటలు తప్ప రాజకీయం ఏమీ బయటికి రావడం లేదు. కుటుంబ జ్ఞాపకాన్నీ ఊరి రాజకీయాన్నీ ఒకచోటికి ఎలా తేవాలని అడిగారు.

మీ పెద్దవాళ్ళు చెబుతున్నదే రాజకీయమని నా అభిప్రాయం. పెరుగుతున్న ఊళ్ళో స్థానిక రాజకీయం సభల్లో కన్నా ముందు వీధి పంపు దగ్గర, కొండమెట్ల మీద, పన్ను రసీదులో, వంటింట్లో జరిగింది. నేను వన్‌టౌన్ కొండవాలు ఇంట్లో పెరిగాను, ఆ తర్వాత ఉద్యోగ జీవితమంతా మునిసిపాలిటీ పన్నుల విభాగంలోనే గడిపి, బిల్ కలెక్టరుగా మొదలుపెట్టి అక్కడే పదవీ విరమణ చేశాను. బిల్ కలెక్టరు ప్రతి ఇంటి గడపా తొక్కుతాడు. ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారో, ఏ ఇంటి కోడలు వార్డు నాయకుడికి మేనకోడలో, ఎవరి గోడ మీద ఏ గుర్తు వేయనిచ్చారో అతనికి తెలియకుండా ఉండదు. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఊరి రూపాన్ని మనసులో పెట్టుకోండి, ఎందుకంటే బెజవాడలో రాజకీయానికి నేల ఎంత ముఖ్యమో అది చూస్తేనే అర్థమవుతుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1888లో మునిసిపాలిటీ ఏర్పడింది, 1893 నాటికి నది మీద రైలు వంతెన వచ్చింది, 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. కాలువల వల్ల వ్యాపారమూ, రైలు వల్ల పనీ దొరికి, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వచ్చి చేరారు. 1951లో లక్షా అరవై వేల చిల్లర ఉన్న జనాభా 2011 నాటికి 10.34 లక్షలు దాటింది. వచ్చినవాళ్ళందరికీ చదునైన నేల ఎక్కడుంది? ఒకవైపు ఇంద్రకీలాద్రి, దాని వెంట కొండలు, మరోవైపు కృష్ణ, మధ్యలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఉత్తరాన బుడమేరు. డబ్బున్నవారు గవర్నరుపేట, సూర్యారావుపేట, లబ్బీపేటల్లో స్థలాలు కొనుక్కున్నారు. లేనివారు కొండవాలు ఎక్కారు, కృష్ణలంకలో నది ఒడ్డుకు దిగారు, కాలువ కట్టల మీద పాకలు వేశారు, ఆ తరువాతి కాలంలో బుడమేరు పల్లంలో ఇళ్ళు కట్టుకున్నారు. ఇలా స్థిరపడిన వారికి కావలసినవి మూడే: నీళ్ళు, దారి, పట్టా. ఈ మూడూ ఇప్పించగలిగినవాడే వార్డు నాయకుడయ్యాడు. మీ తాతగారు ఏ పార్టీలో ఉన్నా ఆయన పొద్దుటి నుంచి రాత్రి వరకు తిరిగింది ఈ మూడింటి కోసమే అయి ఉంటుంది.

నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నాయనమ్మగారు బిందెల గురించి అన్నిసార్లు చెప్పడానికి కారణం అందులోనే ఉంది. కృష్ణ నీటిని విద్యాధరపురం వైపున్న హెడ్ వాటర్ వర్క్స్‌లో శుద్ధి చేసి గొట్టాల ద్వారా ఊళ్ళోకి వదిలేవారు. కొండ కింద వీధుల్లో పంపులన్నీ ఒకేసారి తిప్పితే ఒత్తిడి అంతా అక్కడే తగ్గిపోయి పైమెట్ల దాకా నీరు ఎక్కేది కాదు. కింద వాళ్ళు పట్టుకోవడం ఆగాక, ఏ రాత్రి పదకొండుకో తెల్లవారుజామున మూడింటికో పైపంపులో గాలి బుసకొట్టి, ఆ తర్వాత సన్నటి ధార మొదలయ్యేది. మా వీధిలో సాయంత్రం నుంచే బిందెలు వరుసలో ఉండేవి. బిందెకు బదులు కొందరు రాయి పెట్టేవారు, కొందరు చిల్లుపడిన సత్తు గిన్నె పెట్టేవారు, ఆ రాయి ఎవరిదో ఆ గిన్నె ఎవరిదో వీధి మొత్తానికి తెలుసు. పచ్చి బాలింత ఉన్న ఇంటికీ, ఒంటరి ముసలివాళ్ళకూ మొదటి బిందె అన్నది మా నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. ఆ కట్టుబాటు తప్పినరోజు గొడవ వచ్చేది, గొడవ తీర్చడానికి వార్డు కౌన్సిలరు మెట్లెక్కి వచ్చేవారు. ఆయన వచ్చి మాట్లాడేది మగవాళ్ళతో కాదు, మా నాయనమ్మతోనే. మగవాళ్ళు రైల్వే డ్యూటీల్లోనో మార్కెట్ హమాలీ పనిలోనో ఉండేవారు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు ఉన్నాయో, ఎవరు ఎవరి మాట వింటారో తెలిసింది పంపు దగ్గర నిలబడే ఆడవాళ్ళకే.

కాబట్టి మీ తాతగారికి వార్డులో పట్టు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు మీ నాయనమ్మగారు పంపు దగ్గర ఎలాంటి స్థానంలో ఉండేవారో అడగండి. ఆమె ఎవరి బిందె ముందుకు జరిపేవారు, ఎవరింటికి పురిటి సాయం వెళ్ళేవారు, ఎవరికి పప్పూ చింతపండూ బదులిచ్చేవారు అన్నవి చిన్న సంగతులుగా తోచవచ్చు. ఎన్నికలప్పుడు తాతగారు ఏ గడప తొక్కితే ఆదరణ దొరికిందో ఆ సంగతులే చెబుతాయి. నేను చూసిన వార్డు నాయకుల్లో ఇంటి ఇల్లాలి మంచితనం మీద గెలిచినవారు చాలామంది ఉన్నారు. ఆ మాట ఏ కరపత్రంలోనూ అచ్చు కాలేదు, అందుకే మీ పుస్తకంలో అచ్చు కావాలి.

ఇక పట్టా. కొండ పోరంబోకులోనో కట్ట మీదో వేసుకున్న ఇంటికి మొదట ఏ కాగితమూ ఉండదు. రాత్రికి రాత్రి నాలుగు గుంజలు పాతి పైన తాటాకు కప్పుతారు. తరువాత ఇంటికి డోరు నంబరు కావాలి, నంబరు ఉంటే పన్ను వేస్తారు, పన్ను రసీదు చూపితే కరెంటు మీటరు ఇస్తారు, రేషన్ కార్డుకూ ఓటరు జాబితాకూ అది పనికొస్తుంది. చట్టం దృష్టిలో పన్ను రసీదు ఇంటి మీద హక్కు ఇవ్వదు, ఆ చోట మీరు ఉంటున్నారనడానికి మాత్రమే అది ఆధారం. ఈ సంగతి జనానికి తెలియక కాదు. అయినా ఆ రసీదును ట్రంకు పెట్టెలో పెళ్ళి శుభలేఖల అడుగున దాచుకునేవారు, ఎందుకంటే రేపు బి-ఫారం పట్టా (సర్కారు స్థలంలో ఉంటున్నవారికి ఇచ్చే పట్టా) ఇచ్చే రోజున ఎన్నేళ్ళుగా ఉంటున్నారన్నదానికి అదొక్కటే సాక్ష్యం. సర్కారు కాగితం వచ్చేదాకా ఇల్లు కూలకుండా కాపాడటం కోసమే ఎర్రజెండా కొండ మీదికి ఎక్కింది. విజయవాడలో కమ్యూనిస్టులకు అంత బలం రావడానికి సిద్ధాంతంతో పాటు ఈ కారణమూ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. కూల్చడానికి మనుషులు వచ్చిన రోజున మెట్లకు అడ్డంగా కూర్చున్నది ఎవరన్నది ఆ ఇళ్ళవాళ్ళు మూడు తరాలు గుర్తుపెట్టుకున్నారు.

మీ ఇంట్లో పాత ఉత్తరాలో రసీదులో ఉంటే డోరు నంబరు చూడండి. విజయవాడ నంబరులో సాధారణంగా మూడు భాగాలుంటాయి: మొదటిది రెవెన్యూ వార్డు, రెండోది ఆ వార్డులోని బ్లాకు, మూడోది ఇల్లు. నంబర్లు మార్చినప్పుడు చాలా రసీదుల మీద పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాశారు. ఈ రెండూ దొరికితే మీ తాతగారు ఏ సంవత్సరంలో ఏ మెట్ల వరుసలో ఉన్నారో, ఎప్పుడు ఇంకో వీధికి మారారో వరుసగా చెప్పవచ్చు. రెవెన్యూ వార్డు, ఎన్నికల డివిజను ఒకటి కావు, డివిజన్ల హద్దులు ఎన్నికకూ ఎన్నికకూ మారాయి. రసీదు మీది వార్డు నంబరును పట్టుకుని ఆయన ఫలానా డివిజనులో పోటీ చేశారని రాయకండి, ఓటరు జాబితాతో సరిచూసుకోండి.

పార్టీలు ఇంట్లోకి ఎలా వచ్చాయన్నది ఇంకో పెద్ద విషయం. కాంగ్రెసుకు ఇక్కడ 1921 నాటి అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం నుంచీ పునాది ఉంది, గాంధీజీ హాజరైన ఆ సభల్లోనే పింగళి వెంకయ్య తన జెండా నమూనాను ఆయనకు అందించారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు ఈ ఊరివారే, వన్‌టౌన్ మార్కెట్టుకు ఆయన పేరే ఉంది. కమ్యూనిస్టు పార్టీకీ ఈ ఊరే కేంద్రం. విశాలాంధ్ర ఇక్కడి నుంచే వెలువడింది, 1961లో పార్టీ అఖిల భారత మహాసభ ఇక్కడే జరిగింది. బందరు రోడ్డుకు మహాత్మాగాంధీ పేరు, ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ పేరు పెట్టుకున్న ఊరు ఇది. ఆ రెండు రోడ్లూ మా ఇంట్లోనూ ఉండేవి. నాన్నగారు కాంగ్రెసు, బాబాయి రైల్వే యూనియన్లో కమ్యూనిస్టు. పొద్దున్నే రెండు పత్రికలు వచ్చేవి. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు పేపరు చదివేటప్పుడు మాత్రం ఒకరు అరుగు మీద, ఒకరు పెరట్లో కూర్చునేవారు. అయినా పన్ను కట్టే రోజున, పిల్లలకు జ్వరం వచ్చిన రోజున ఇద్దరూ ఒకే డబ్బు సంచిలో చేతులు పెట్టేవారు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు నలిగిపోయాయో బయటివారికి తెలియదు. కాంగ్రెసు అన్నతో ఏళ్ళ తరబడి కలిసి ఉన్న బాబాయి, తన సొంత పార్టీలోంచి విడిపోయిన ప్రాణస్నేహితుడితో మాత్రం చాలాకాలం మాట్లాడలేదు. ఆ స్నేహితుడి కూతురి పెళ్ళికి మా పిన్ని ఒక్కతే వెళ్ళి చీర పెట్టి వచ్చింది. ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదని మీ పెద్దవాళ్ళు చెబుతున్న మాటను నేను తేలిగ్గా తీసుకోనిది ఇందుకే. ఆ పెళ్ళి ఏ సంవత్సరం, రానివాళ్ళు ఎవరు, వాళ్ళ ఇంటి నుంచి ఆడవాళ్ళు వచ్చారా అని అడిగి, ఆ సంవత్సరానికి ఎదురుగా పట్టణ రాజకీయంలో ఏం జరిగిందో రాసుకుంటే చాలా సంగతులు వాటంతట అవే కలుస్తాయి.

ఎన్నికల గుర్తులు జ్ఞాపకాలకు తేదీలు వేయడానికి బాగా పనికొస్తాయి. మా నాయనమ్మకు చదువు రాదు. నాన్నగారు పలక మీద కాడెద్దులు గీసి చూపించేవారు, ఆయన బయటికి వెళ్ళగానే బాబాయి అదే పలక మీద కంకి కొడవలి గీసేవారు. ఆమె ఇద్దరికీ సరేననేది. ఎవరికి వేసిందో చివరిదాకా చెప్పలేదు. కాంగ్రెసుకు 1969 చీలిక దాకా కాడెద్దులు, 1971 ఎన్నికల నాటికి ఆవూ దూడా, 1978 నుంచి హస్తం గుర్తుగా ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా "అప్పుడు ఆవూ దూడా గుర్తు" అన్నారంటే ఆ సంగతి 1971కీ 1977కీ మధ్యదని దాదాపు నిశ్చయంగా రాయవచ్చు.

పాఠకులు మరచిపోయే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. 1967లో గెలిచిన పురపాలక సంఘాల గడువు పొడిగింపులతో 1970ల మొదట్లో ముగిశాక, 1981 దాకా రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరగలేదు. ఆ కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. మీ తాతగారి పేరుకు ముందు మాజీ కౌన్సిలరు అని ఉంటే, ఆ మాజీ అన్న మాట ఓడిపోయినందువల్ల రాకపోయి ఉండవచ్చు, కౌన్సిలే లేకపోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. కౌన్సిలు లేనంత మాత్రాన జనం రావడం మానలేదు. పంపు చెడిపోతే ఎవరి అరుగు దగ్గరకు పోవాలో వారికి తెలుసు. పదవి లేని ఆ మాజీ కౌన్సిలర్లు తెల్లచొక్కా తొడుక్కుని, చేతిలో అర్జీ పట్టుకుని, ఆఫీసు వరండాలో గంటలు గంటలు నిలబడటం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. ఇంట్లో మాత్రం సంపాదన లేదు, వచ్చినవాళ్ళకు కాఫీలు తప్పవు. ఆ కాఫీ ఖర్చు ఎలా సర్దారో మీ నాయనమ్మగారిని తప్పకుండా అడగండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ ఖర్చు కింద ఇల్లాలి గాజులు కుదువకు వెళ్ళాయి. స్థానిక రాజకీయపు ఖర్చును కుటుంబాలు ఎలా మోశాయో చెప్పే ఇలాంటి వివరం ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ దొరకదు.

ఆ పదేళ్ళలోనే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం నడిచింది. 1972 చివర, 1973 మొదట్లో కాలేజీలు మూతపడ్డాయి, రైళ్ళు ఆగిపోయాయి, ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం 1972 డిసెంబరు 25న మరణించారు, ఆ తర్వాత బెంజి సర్కిల్లో ఆయన విగ్రహం పెట్టారు. మా మేనత్త పెళ్ళి ఆ రోజుల్లోనే కావడంతో రైళ్ళు లేక సగం చుట్టాలు రాలేదు, వచ్చినవారు తిరిగి వెళ్ళలేక రోజుల తరబడి మా ఇంట్లోనే ఉండిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ ఊరి వీధులన్నీ అన్నం పొట్లాలు కట్టాయి. మా మెట్ల మీద కాంగ్రెసు ఇల్లూ కమ్యూనిస్టు ఇల్లూ ఒకే గాడిపొయ్యి మీద పులిహోర కలిపాయి. మీ ఇంటివాళ్ళు ఆ పొట్లాలు ఏ బృందంతో పంపారో అడిగితే మీ తాతగారి అసలు సహచరులు ఎవరో తెలిసిపోతుంది.

1981లో విజయవాడ నగరపాలక సంస్థ అయింది. ఆ సంవత్సరపు ఎన్నికల్లో సీపీఐ ముందు నిలిచి, టి. వెంకటేశ్వరరావు తొలి మేయరయ్యారు. కొండమెట్లకూ నీళ్ళకూ సంబంధించిన పాత కోరికలన్నీ ఆ కౌన్సిలు ముందుకు వచ్చాయి. కొండల మీద రిజర్వాయర్లు, పైకి నీరు ఎక్కించే పంపింగు, సిమెంటు మెట్లు కాలక్రమంలో వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్ళకే, 1983 జనవరిలో, తెలుగుదేశం గాలి ఊరిని ఊపేసింది. అప్పటిదాకా మూడు రంగుల జెండా, ఎర్రజెండా మాత్రమే చూసిన గోడలకు పసుపు వచ్చింది. మా నాన్నగారు ఆ ఫలితాలు రేడియోలో విని చాలాసేపు మౌనంగా ఉండిపోయారు, పిల్లలందరూ మాత్రం సైకిలు బొమ్మ బిళ్ళలు పెట్టుకుని తిరిగారు. పార్టీ అభిమానం తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా వచ్చే ఏర్పాటు ఈ ఊళ్ళో తెగింది అప్పుడే. గుణదల, పటమట, భవానీపురం వంటి శివార్లు ఆ దశాబ్దంలోనే నగరంలో కలిశాయి, దానితో వార్డు నాయకుడు తన ఓటర్లందరినీ పేరు పెట్టి పిలవగలిగే రోజులూ పోయాయి.

కర్ఫ్యూ గురించి రాసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఈ నగరంలో 1970ల నుంచే వర్గాల మధ్య హత్యలు జరిగాయి. విజయవాడ తూర్పు శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా నిరాహార దీక్షలో ఉండగా 1988 డిసెంబరు 26న హత్యకు గురయ్యారు. ఆ వెంటనే చెలరేగిన అల్లర్లలో దుకాణాలు, సినిమాహాళ్ళు, ఇళ్ళు తగలబడ్డాయి, కర్ఫ్యూ రోజుల తరబడి సాగింది. ఈ ఘటనల మీద నేటికీ రెండు పక్షాలున్నాయి, మీ కుటుంబం కూడా ఏదో ఒక పక్షానికి దగ్గరగా ఉండి ఉండవచ్చు. ఎవరు ఎందుకు చేశారన్న తీర్పు మీ పుస్తకానికి అవసరం లేదు. మీ ఇంట్లో ఏం జరిగిందో రాస్తే చాలు. సడలింపు ఇచ్చిన కొద్ది గంటల్లో ఎవరు పాలకు వెళ్ళారు, ఎవరు కిరోసిన్‌కు వెళ్ళారు, పొరుగు కులం వాళ్ళను ఇంట్లో దాచారా, వాళ్ళే మిమ్మల్ని దాచారా, ఆ తరువాత ఆ ఇరుగు పొరుగు మాటలు ఎప్పుడు కలిశాయి అన్నవి రాయండి. మా వీధిలో మూడు ఇళ్ళ బియ్యం ఒకచోట పోసి, ఉన్న పప్పు పలచగా కాచుకుని గడిపాం. పసిబిడ్డ ఉన్న ఇంటికి పాలు గోడ మీదుగా చేతులు మారి వెళ్ళాయి, ఆ చేతుల్లో అన్ని కులాల చేతులూ ఉన్నాయి. బజార్లో ఏం జరిగిందో పత్రికలు రాశాయి. పెరటి గోడల మీదుగా జరిగినది రాయగలిగింది మీవంటి వారే. బతికి ఉన్నవారి పేర్లు, ముఖ్యంగా కేసుల్లో ఉన్నవారి పేర్లు, వారి అనుమతి లేకుండా వేయకండి. ఊరు ఇంకా పూర్తిగా మరచిపోలేదు.

1995 ఎన్నికలు ఇంటి రాజకీయాన్ని మరో మలుపు తిప్పాయి. 74వ రాజ్యాంగ సవరణతో మూడో వంతు స్థానాలు ఆడవాళ్ళకు కేటాయించారు. పంపు దగ్గర దశాబ్దాలుగా తగవులు తీర్చినవారు తొలిసారి బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నారు. చాలాచోట్ల భర్తో మామగారో వెనక ఉండి నడిపించిన మాట నిజమే. అయితే అన్నిచోట్లా అలాగే జరిగిందనడం అన్యాయం. మొదటి ఏడాది భర్త వెంట వచ్చిన ఒక కార్పొరేటరు, రెండో ఏడాది నుంచి ఒంటరిగా వచ్చి, తన డివిజనులో ఏ మురుగు కాలువకు ఎంత వాలు లేదో ఇంజనీరుకు వేలు పెట్టి చూపించడం నేను కళ్ళారా చూశాను. 2000లో పంచుమర్తి అనూరాధ ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండకుండానే మేయరయ్యారు. మీ కుటుంబంలో ఆ రోజుల్లో ఎవరైనా ఆడవాళ్ళు నిలబడ్డారా, నిలబడమని అడిగితే ఇంట్లో ఎవరు వద్దన్నారు అన్నది తప్పక కనుక్కోండి.

ఆ తరువాతి కాలాన్ని నేను క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ తాతగారి కథ దానికి ముందే ముగుస్తుంది. ఇంటింటికీ కొళాయి వచ్చాక పంపు దగ్గరి వరుసలు తగ్గాయి. పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాక కార్పొరేటరు దగ్గరకు వెళ్ళే పని కూడా మారిపోయింది, ఎక్కువ మంది ప్లాను గురించీ పార్కింగు గురించీ వెళ్తున్నారు. కృష్ణలంక వరదకు అడ్డుగా రక్షణ గోడ వచ్చింది. పల్లపు నేల సమస్య మాత్రం పోలేదు. 2005లో, ఆపై 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. నాలుగైదు దశాబ్దాల రసీదులు, పట్టాలు, పెళ్ళి ఫొటోలు బురదలో ముద్దైపోయిన ఇళ్ళు నాకు తెలుసు. మీ పుస్తకం ఎప్పుడు పూర్తయినా సరే, ట్రంకు పెట్టెలో ఉన్న ప్రతి కాగితాన్నీ ఈ వారంలోనే ఫొటో తీసి రెండు చోట్ల దాచండి.

ఇక ఎక్కడ వెతకాలన్నది. కౌన్సిలు తీర్మానాల పుస్తకాలు నగరపాలక సంస్థ దగ్గర ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టి, సంవత్సరమూ వార్డూ స్పష్టంగా రాసి, మీ తాతగారు ప్రతిపాదించిన లేదా బలపరచిన తీర్మానాల నకళ్ళు కోరండి. సమాచారం అంతా ఇవ్వండని రాస్తే ఏమీ రాదు. 1967 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క సంవత్సరమే అడగండి. పాత తెలుగు పత్రికలు చాలా భాగం ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలో పెట్టింది, రామ్మోహన గ్రంథాలయంలోనూ అడిగి చూడండి. జిల్లా పేజీలో వచ్చే చిన్న వార్తల్లోనే వార్డు నాయకుల పేర్లు కనిపిస్తాయి. మొదటి పేజీ చూస్తూ కాలం వృథా చేసుకోకండి.

కాగితాల కన్నా ముందు మనుషులు. తాతగారి తరం ఆడవాళ్ళలో ఇంకా ఉన్నవారి దగ్గరకు ముందు వెళ్ళండి. రాజకీయం గురించి చెప్పమని అడిగితే మాకేం తెలుసమ్మా అంటారు. మీ పంపు ఎక్కడ ఉండేది, మొదటి బిందె ఎవరిది, పట్టా వచ్చిన రోజు ఏం వండారు అని అడగండి. వారు చెప్పే ప్రతి సంగతికీ పక్కన పేరు, వీధి, వీలైతే ఎన్నికల గుర్తు రాసుకోండి. రెండు మూడు ఇళ్ళ మాటలు ఒకే దారిలో కలిసినప్పుడు దాన్ని నిజంగా తీసుకుని రాయండి, కలవని చోట రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టే పెట్టండి. మీ దగ్గర ఉన్న రసీదుల మీది పాత డోరు నంబరు పంపితే అది కొండ మీద ఏ వరుసదో చెప్పడానికి నేను ప్రయత్నిస్తాను.